బీడీల చాట చుట్టూ మా చిన్నతనం

2019లో బతుకమ్మ పండుగకు తల్లిగారింటికి పోయినప్పుడు మా పెద్దక్క నా చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది. అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు, నాలుగు మడతలు పెట్టిన ఒక దరఖాస్తు ఉన్నాయి.

"బీఏ చదివినవు గదనే, ఇది ఎందుకు వాపసు అచ్చిందో జర చూడు" అంది.

బీడీ కార్మికుల పింఛను కోసం పెట్టుకున్న దరఖాస్తు అది. దాని మీద ఎవరో ఎర్ర సిరాతో అడ్డంగా రాశారు: పీఎఫ్ నంబరు లేదు.

అక్కకు అప్పటికి నలభై రెండేళ్ళు. బీడీలు చుట్టబట్టి ముప్పై ఏళ్ళు. "అన్నేండ్లు చుట్టినంక నీకు నంబరు లేకపోవుడేందక్కా?" అని అడిగాను.

"నాకు కార్డు ఎక్కడిదే? చిన్నప్పుడు అవ్వ కార్డు మీద చుట్టిన. పెండ్లయినంక అత్త కార్డు మీద చుట్టిన" అని నవ్వేసి, తంగేడు పువ్వు తేవడానికి పోయింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే అక్క చిన్నప్పుడు చుట్టింది వాళ్ళ అవ్వ కార్డు మీద మాత్రమే కాదు. మా అవ్వ కార్డు మీద కూడా చుట్టింది. ఆ మాట తను అనలేదు. కానీ నాకు గుర్తుంది.

అక్క అంటున్నాను గానీ, మా అమ్మాయి బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం ఆమె నాకు 'కజిన్'. మా పెద్దబాపు పెద్ద కూతురు. మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల పిల్లలం తొమ్మిది మందిమి. పెద్దబాపు పిల్లలు నలుగురు, మేం ముగ్గురం, కాక పిల్లలు ఇద్దరు. ఎండకాలం సెలవుల్లో మేనత్త పిల్లలు కూడా వస్తే పన్నెండు మంది అయ్యేవాళ్ళం. ఇందులో ఎవరినీ 'కజిన్' అనే ఒక్క మాటతో పిలవడం మన భాషలో కుదరదు. అన్నదమ్ముల పిల్లలు అన్నలూ అక్కలూ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అవుతారు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు మాత్రం బావలూ మరదళ్ళూ వదినెలూ. పెద్దబాపు అన్న మాటలోనే బాపు ఉన్నాడు, పెద్దవ్వ అన్న మాటలోనే అవ్వ ఉంది. 1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికా పండితుడు లోకంలోని చుట్టరికాల పేర్లన్నీ పోగేసి ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో తెలుగు, తమిళ పేర్లు కూడా ఉన్నాయి. ఎక్కడో అమెరికాలోని ఇరోక్వా తెగవాళ్ళ వరస, మన వరస ఒకేలా ఉన్నాయని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. మనకు మాత్రం అందులో ఆశ్చర్యమేమీ లేదు. అక్క అక్కే.

మా ఊరు కథలాపూర్ మండలంలో ఉంది. కోరుట్ల నుంచి వేములవాడ పోయే బస్సెక్కితే దిగేది మా దగ్గరే. 1985లో మండలాలు రాకముందు తాలూకాలుండేవి. అప్పుడు మాది కరీంనగర్ జిల్లా. కోరుట్ల సంతకు, జగిత్యాల దవాఖానకు, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు అప్పజెప్పడానికి పోవడం, అదే మా లోకం.

నేను పుట్టకముందు ఈ దిక్కున పెద్ద కదలికలు జరిగాయి. వెట్టి పోవాలనీ, కూలి పెరగాలనీ, బంజర్లు పేదలకు రావాలనీ రైతుకూలీలు సంఘాలు కట్టారు. 1978 సెప్టెంబర్ 7న వేలమంది జగిత్యాలలో ఊరేగింపు తీశారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ తర్వాత నెలన్నరకే, అక్టోబర్ 20న, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మా బాపమ్మ ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. "పోలీసులు అస్తున్నరంటే మొగపిల్లలను చేన్లకు పంపేది" అనేది. బావుల్లో నీళ్ళు తగ్గుతున్న రోజులు కూడా అవే. మోట కొట్టే బావికి మోటరు పెట్టారు, మోటరుకు కూడా నీళ్ళు అందకపోతే బావిని ఇంకా లోతు తవ్వించారు. తవ్వించిన ప్రతిసారీ అప్పు.

ఇటు బతుకు ఇట్లా ఉన్నప్పుడు అటు గల్ఫ్ దేశాల్లో చమురు ధరలు పెరిగి, 1970ల నుంచి కొత్త కట్టడాలకు కూలీల అవసరం పడింది. మా దగ్గరి నుంచి ఒకరిని చూసి ఒకరు బయలుదేరారు. మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా, సౌదీ పోయినా మా ఊళ్ళో ఒకటే మాట, "దుబాయి పోయిండు". మా పెద్దబాపు 1987లో పోయాడు. ఆయన 'దుబాయి' అసలు పేరు కువైట్.

మగవాళ్ళు అట్లా పోతే ఇంటి దగ్గర రోజు గడిచేది బీడీలతోనే. నిజామాబాద్, కామారెడ్డి, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, ఈ దిక్కున ఏ ఊరికి పోయినా మధ్యాహ్నం పూట ఆడవాళ్ళ ఒళ్ళో చాట కనపడేది. పొలం పని ఏడాదిలో కొన్ని నెలలే. బీడీల పని ఏడాదంతా. కంపెనీవాళ్ళు ఆకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు. ఇంటి దగ్గర చుట్టి, కట్టలు కట్టి అప్పజెప్పాలి.

పని చూడటానికి చిన్నదే. తునికాకును రాత్రి నీళ్ళు చల్లి తడి గుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నే ఆకు మీద రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కత్తిరించాలి. ఈనెలు తీయాలి. చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క ఆకు. చిటికెడు తంబాకు ఆకులో పరిచి, రెండు చేతుల వేళ్ళతో చుట్టి, దారం వేసి, మూతి ముడవాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. చెయ్యి తిరిగినవాళ్ళకు కూడా వెయ్యి చుట్టాలంటే పొద్దంతా పడుతుంది. ఆకు బాగా లేకపోతే ఇచ్చిన ఆకులో లెక్క రాదు, తక్కువపడిన ఆకును మనమే కొనాలి. అప్పజెప్పేటప్పుడు బాగా లేవని కొన్ని కట్టలు పక్కన పడేస్తే ఆ చాకిరీ అంతా పోయినట్టే.

మా పెద్ద వాకిట్లో వేపచెట్టు కింద మూడు చాటలు ఉండేవి. పెద్దవ్వది, మా అవ్వది, చిన్నమ్మది. ముగ్గురికీ మూడు కార్డులు. కానీ ఆ చాటల చుట్టూ కూర్చునేది మేమందరం. ఈడును బట్టి పని. ఆరేడేళ్ళవాళ్ళు ఆకు తుడుస్తారు. ఎనిమిదేళ్ళు వస్తే మూతులు ముడుస్తారు. పదేళ్ళు దాటిన ఆడపిల్ల చుట్టడం నేర్చుకోవాలి. మగపిల్లలు కట్టలను కంపెనీకి మోసుకుపోతారు, వచ్చేటప్పుడు సెంటర్లో ఉప్పు బఠానీలు తెస్తారు. ఎవరి కట్టలు ముందైతే వాళ్ళకు ఓనగుంతల ఆటలో మొదటి వంతు. గెలుపు కోసం మేం చింతగింజలు లెక్కపెట్టుకుంటుంటే అవ్వలు కట్టలు లెక్కపెట్టుకునేవాళ్ళు.

ఇది కష్టమని అప్పుడు మాకెవరికీ అనిపించలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఆ వాకిలి నవ్వులతోనే గుర్తొస్తుంది. పెద్దవ్వ మక్క గట్క వండి పెద్ద తలెలో పోస్తే తొమ్మిది మందిమి చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. ఎవరి దిక్కు పచ్చిపులుసు ఎక్కువ జారిందో అని కొట్లాట. సంక్రాంతికి సకినాలు చుట్టడం మాకు ఎవరూ నేర్పలేదు, బీడీలు చుట్టిన వేళ్ళు కదా అని చిన్నమ్మ నవ్వేది. బతుకమ్మ ముందు గునుగు పువ్వు కోసం గట్ల వెంట పోతే అక్క ముందు నడిచేది. పాముంటే ముందు తననే కరుస్తుందని మా ధీమా.

పెద్దబాపు కువైట్ నుంచి ఒక టేపురికార్డరు పంపాడు. ఉత్తరం రాస్తే చదివిపెట్టేవాళ్ళు కావాలి కదా, అందుకని క్యాసెట్‌లోనే మాటలు నింపి పంపుకునేవాళ్ళు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఆయన ఇస్తాడు, తిరిగి పోయేవాళ్ళ చేతికి మేమిస్తాం. నింపే రోజు మాకు పండుగే. వరసగా నిలబెట్టి ఒక్కొక్కరితో మాట్లాడించేవాళ్ళు. "బాపూ, నాకు గడియారం తే", "పెద్దబాపూ, నాకు పెన్ను తే". అక్క మాత్రం ఏమీ అడగలేదు. తన తెలుగు వాచకంలోని పాఠం ఒకటి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. ఎక్కడా తడబడలేదు. మా అందరిలో తెలుగు చక్కగా చదివేది అక్కే. బీఏ తెలుగు చదివింది నేను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నేనప్పుడు అయిదో తరగతి, అక్క ఎనిమిదో తరగతి. మా ఇంట్లో ఫోన్ లేదు, ఊళ్ళో కూడా లేదు. రేడియోలో వార్తల వేళకు వాకిట్లో మాటలు ఆగిపోయేవి. చాటల్లో చేతులు మాత్రం ఆగేవి కావు. పెద్దవ్వకు ఇరాక్ ఎక్కడుందో తెలియదు, కువైట్ ఎక్కడుందో తెలియదు. అక్క తన సాంఘికశాస్త్రం పుస్తకంలో పటం తెరిచి, "గిదే అవ్వా, గీ ముక్కనే" అని వేలు పెట్టి చూపించింది. ఆ వేలి గోరంత కూడా లేదు కువైట్. రెండు నెలల దాకా మాకు ఏ కబురూ లేదు.

కువైట్‌లో చిక్కుకున్నవాళ్ళు ఎడారి దాటి జోర్డాన్ దేశపు అమ్మాన్ నగరానికి చేరితే, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. దాదాపు రెండు నెలల పాటు లక్ష మందికి పైగా భారతీయులను అట్లా తీసుకొచ్చారు. ఆ లక్షలో మా పెద్దబాపు ఒకడు. దసరా దాటినంక ఒక సాయంత్రం కోరుట్ల బస్సు దిగి వచ్చాడు. చేతిలో చిన్న సంచి. ఆయన అక్కడ దాచుకున్నదీ, రావాల్సిన జీతమూ అక్కడే ఉండిపోయాయి. ఇక్కడ మాత్రం వీసాకు తెచ్చిన అప్పు మిత్తితో సహా ఉంది.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచారు. నేను పలక సంచి వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి అక్క చాట ముందు కూర్చుని ఉంది. "ఇయ్యాల బడికి రావా అక్కా?" అన్నాను. "నువ్వు పో" అంది. అంతే. ఇంట్లో ఎవరూ ఆ మాట పెద్దగా అనలేదు. 'రేపటి నుంచి నువ్వు బడి మానెయ్' అని ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. అక్క తమ్ముళ్ళిద్దరూ బడికి పోతూనే ఉన్నారు.

బడి మానేసిన అక్క పొద్దంతా పెద్దవ్వ కార్డు మీద చుట్టేది. పొద్దూకినంక మా అవ్వ చాట దగ్గరికి వచ్చేది. మా అవ్వ పగలు పొలం పనికి పోయేది కాబట్టి ఆమె కట్టలు ఎప్పుడూ తక్కువే. తక్కువైతే కంపెనీవాళ్ళు కార్డు తీసేస్తామనేవాళ్ళు. కార్డు ఉంటేనే పీఎఫ్, కార్డు ఉంటేనే బీడీ కార్మికుల పిల్లలకు సంక్షేమ నిధి నుంచి వచ్చే స్కాలర్‌షిప్. నాకు హైస్కూల్లో ఆ స్కాలర్‌షిప్ వచ్చింది. మా అవ్వ కార్డు నిలబడటానికి తక్కువపడిన కట్టలు చుట్టింది అక్క.

నేను ఊరికే కూర్చోలేదు, మూతులు ముడిచేదాన్ని. కానీ పరీక్షలొస్తే "నువ్వు సదువుకో, నేను జేస్త" అని నా పని కూడా తీసుకునేది. ఒక షరతు మాత్రం పెట్టేది. మనసులో చదువుకోకూడదు, తనకు వినపడేటట్టు చదవాలి. అట్లా ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పుస్తకాలన్నీ నేను గట్టిగా చదివాను, అక్క చుట్టుకుంటూ విన్నది. కరెంటు పోతే కందిలి పెట్టుకునేవాళ్ళం. నేను ఒక పద్యం మర్చిపోతే చాటలోంచి తలెత్తకుండానే అందించేది.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను, క్యూబా దేశంలో చుట్టల కార్ఖానాల్లో పనివాళ్ళకు పత్రికలూ నవలలూ చదివి వినిపించే మనిషి ఒకరు ఉంటారట. 1865లో హవానాలో మొదలైన ఆచారం. ఆ చదివే మనిషికి పనివాళ్ళే తమ కూలీలోంచి తలా కొంత ఇచ్చేవాళ్ళు. మన దేశంలో కేరళ కన్నూరు దిక్కున బీడీ కార్ఖానాల్లో కూడా ఒకరు వార్తాపత్రిక చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ చుట్టేవాళ్ళు. ఆ చదివినాయన కట్టలు తక్కువ కాకుండా మిగతావాళ్ళు తలా కొన్ని చుట్టి ఇచ్చేవాళ్ళు. అది చదివినప్పుడు మా వాకిలి కళ్ళ ముందు కదిలింది. అక్కడ అది సంఘంగా ఒప్పుకుని చేసింది. మా ఇంట్లో అది అక్కాచెల్లెళ్ళ మధ్య జరిగింది కాబట్టి ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

ఆ కవరు చేతికి వచ్చిన తర్వాత కొన్నాళ్ళు బీడీ చట్టాల గురించి వెతుక్కుని చదివాను. నేను వకీలును కాను, ఇంటి పని చేసుకునేదాన్ని. అయినా అర్థమైనంతవరకు చెప్తాను.

బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళను కూడా అది కార్మికులుగానే ఒప్పుకుంది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది, స్కాలర్‌షిప్‌లు అందులోంచే. 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేశారు. ఇంటి దగ్గర చుట్టేవాళ్ళకు కూడా అది వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతవరకు చదివి సంతోషపడ్డాను.

తర్వాత పిల్లల సంగతి చూశాను. 1966 చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బీడీ కార్ఖానాల్లో పనికి పెట్టకూడదంది. కానీ ఆ చట్టం లెక్కలో కార్ఖానా అంటే మనుషులు కాపురముండే ఇల్లు కాదు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. పిల్లలతో చేయించకూడని పనుల జాబితాలో బీడీల తయారీ పేరు స్పష్టంగా ఉంది. దాని కిందనే ఒక మినహాయింపు ఉంది. ఇంటి యజమాని తన కుటుంబం సాయంతో చేసుకునే పనికి ఈ నిషేధం లేదు.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కుటుంబం. నేను ఇక్కడ ఇన్నేళ్ళుగా ఎంతో ఇష్టంగా రాస్తున్న మాట. మా అక్క పదమూడేళ్ళకు బడి మానేసి చాట ముందు కూర్చుంటే, అది చట్టానికి పనిలాగా కనపడలేదు, కుటుంబంలాగా కనపడింది. ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, దారం కంపెనీది, తయారైన బీడీ కంపెనీది. వేళ్ళు మాత్రం కుటుంబానివి. కార్డు మీద పేరు ఒక్కరిది, చుట్టినవాళ్ళు ముగ్గురో నలుగురో. ఈ మినహాయింపును సవరించడానికి 2016 దాకా పట్టింది. అప్పటికి అక్క కూతురు ఇంటర్ చదువుతోంది.

మా పెద్దవాళ్ళు చెడ్డవాళ్ళని రాయడం లేదు. పెద్దబాపు ఆ అప్పు తీర్చడానికి వచ్చిన మర్నాటి నుంచే కూలికి పోయాడు. పెద్దవ్వ మెడలో పుస్తెలు తప్ప ఏమీ మిగల్లేదు. తొమ్మిది మంది పిల్లల్లో ఎవరో ఒకరు ఆగితే మిగతావాళ్ళు నడుస్తారని వాళ్ళకు తోచింది. పెద్దది, ఆడపిల్ల, చెయ్యి వాటం మంచిది. ఆ మూడూ కలిసి అక్కను ఆపేశాయి.

1996 మే నెలలో నా పదో తరగతి ఫలితాలు వచ్చాయి, అదే నెలలో అక్క పెళ్ళి అయింది. రుద్రంగి దిక్కు ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో అడిగిన మొదటి మాట, "పిల్లకు బీడీలు అస్తయా?" మా దగ్గర ఆ రోజుల్లో అది మామూలే. అత్తగారికి అప్పటికే కార్డు ఉంది. కొత్త కార్డు ఇస్తే కంపెనీ ఇంకొకరికి పీఎఫ్ కట్టాలి, అందుకని కొత్త కోడళ్ళకు కార్డులు అంత సులువుగా ఇవ్వరు. అక్క చాట మారింది, పేరు మాత్రం మళ్ళీ వేరేవాళ్ళదే.

నేను కోరుట్లలో ఇంటర్, జగిత్యాలలో బీఏ చదివాను. ఆ రోజుల్లోనే పెద్దబాపుకు ఒక కవరు వచ్చింది. కువైట్ యుద్ధంలో నష్టపోయినవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి 1991లో ఒక కమిషన్ పెట్టింది. కొలువు వదిలి వచ్చినవాళ్ళు ఫారం నింపి పంపితే మనిషికి 2,500 డాలర్లో, 4,000 డాలర్లో ఇచ్చారు. మా పెద్దబాపుకూ వచ్చింది. చాలా సంతోషపడ్డాం. మిగిలిన అప్పు తీరింది, పెద్దన్నకు దుబాయి వీసా వచ్చింది. ఆ ఫారంలో గడులు ఉన్నాయి. ఎక్కడో కథలాపూర్ దగ్గర ఒక పిల్ల ఎనిమిదో తరగతి సగంలో ఆగిపోయిందని రాయడానికి గడి ఉండదు కదా. మాకు ఎవరికీ ఆ ఆలోచన కూడా రాలేదు. నాకూ రాలేదు.

2016 అక్టోబర్ 11న, దసరా నాడు, కొత్త జిల్లాలు వచ్చాయి. కథలాపూర్ జగిత్యాల జిల్లాలోకి, రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి పోయాయి. పక్కపక్క ఊళ్ళే, అయినా అక్క వేరే జిల్లా అయిపోయింది. తన పింఛను దరఖాస్తు తిరిగింది కూడా ఈ రెండు జిల్లాల మధ్యే. పాత పని ఇక్కడ, ఇప్పటి ఇల్లు అక్కడ.

తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి 2015లో మొదలైంది, 2019లో 2,016 రూపాయలు అయింది. మా ఊళ్ళో ఎంతో మంది ఆడవాళ్ళకు తమ పేరు మీద వచ్చిన మొదటి నెల పైసలు అవే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే పీఎఫ్‌లో పేరున్నవాళ్ళకే అది వర్తించేది. పెద్దవ్వకు వచ్చింది, అక్క అత్తగారికి వచ్చింది. వాళ్ళిద్దరి కార్డుల మీద ముప్పై ఏళ్ళు చుట్టిన అక్కకు రాలేదు.

ఒక రోజు మధ్యాహ్నం వంట పని అయిపోయినంక మా అమ్మాయి నోటుబుక్కు వెనక పేజీలో ఒక లెక్క వేశాను. అక్క మా అవ్వ కార్డు మీద రోజుకు తక్కువలో తక్కువ పది కట్టలు చుట్టి ఉంటుంది. పది కట్టలంటే 250 బీడీలు. ఏడాదికి 300 రోజులు అనుకుంటే 75,000. అయిదేళ్ళకు 3,75,000. పొద్దంతా కూర్చుంటే వెయ్యి కదా, అంటే 375 రోజుల చాకిరీ. ఒక ఏడాది పైన పది రోజులు. నా చదువులో అక్క జీవితం ఒక ఏడాది పైగా ఉంది. ఇది మా అవ్వ కార్డు మీద చుట్టినవే, మిగతావి లెక్కలోకి రాలేదు.

నా అన్నదమ్ములకు ఫోన్ చేసి చెప్పాను. ఒకడు దుబాయి నుంచి, ఒకడు హైదరాబాద్ నుంచి మాట్లాడారు. ముందు కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత చిన్నోడు, "గప్పుడు అక్క నా పరీక్ష ఫీజు గూడ కట్టింది" అన్నాడు. తలా కొంత వేసి నెల నెలా అక్క ఖాతాలో పింఛనంత జమ చేద్దామని అనుకున్నాం.

ఈ మాట చెప్పడానికి లెక్క కాగితం పట్టుకుని రుద్రంగి పోయాను. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది.

"నువ్వు ఉత్త తెలుగే చదివినవనుకున్న, లెక్కలు గూడ అస్తయా నీకు?" అని నవ్వింది. తర్వాత, "మరి నువ్వు నాకు అయిదేండ్లు పుస్తకాలు సదివి ఇనిపిస్తివి, అది ఏ లెక్కల ఏసినవు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది నా పరీక్షల కోసం. తను విన్నది చేతులు పని చేస్తుండగా. రెండూ సమానం కావని తనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా తను నన్ను అప్పులో ఉంచదలుచుకోలేదు. పైసలు మాత్రం వద్దనలేదు. "బిడ్డ పెండ్లికి పనికస్తయి, ఎయ్యుండ్రి" అంది. ఆ మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది. వద్దని ఉంటే ఇంకా బాధ పడేదాన్ని.

పెద్దవ్వ బతికి ఉన్నన్ని రోజులు తన పింఛనులోంచి సగం తీసి కొంగుకు ముడేసి, అక్క వచ్చినప్పుడు ఇచ్చేదని ఆ రోజే తెలిసింది. "ఇది నీదే బిడ్డా, నా పేరు మీద అచ్చింది" అని ఇచ్చేదట. మేం లెక్క వేయకముందే పెద్దవ్వ వేసుకుంది.

ఇది రాస్తానని అక్కకు చెప్తే, "పేరు రాయకు. ఊరు రాయి" అంది. అందుకే పేరు రాయలేదు. ఏ కార్డులోనూ లేని పేరు ఇక్కడ కూడా లేకపోవడం నాకు వెలితిగానే ఉంది. అయినా తన మాట తనది. ఊరు మాత్రం రాశాను.

మీ ఇంట్లో కూడా ఒక పెద్దక్క ఉండే ఉంటుంది. ఈసారి పండుగకు కలిసినప్పుడు ఫొటోలు దిగే ముందు, తను ఏ తరగతిలో బడి మానేసిందో, ఎందుకు మానేసిందో ఒకసారి అడగండి.